ఇరవై ముఖాలు, మూడు పాఠాలు

అమెరికాలో మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 2001 నుంచి ఒక పద్ధతి ఉన్నది. కొత్తగా చేరినవారిని ఇరవై మందికి మించని జట్లుగా చేసి, ఒకే విషయం చుట్టూ అల్లిన మూడు కోర్సులు ఇస్తారు. వందలమంది కూర్చునే లెక్చరు హాల్లో కూడా ఆ ఇరవై ముఖాలూ తెలిసినవే. చిన్న క్లాసు చెప్పే ఆచార్యుడు మిగతా రెండు పాఠాలనూ తన పాఠంతో ముడివేస్తాడు.

మన తెలంగాణ కాలేజీల్లో బి.జెడ్.సి. గ్రూపు లేదా అంటారు మిత్రులు. ఉన్నది, మూడు క్లాసులకూ అదే బెంచీ, అవే ముఖాలు. పరిచయం లేనిది పాఠాలకే! బోటనీలో పల్లి వేళ్ల బుడిపెలు, కెమిస్ట్రీలో అమోనియా తయారీ. రెండూ గాలిలోని నత్రజని సంగతే. మా చేనుకు కొనే యూరియా బస్తా సంగతీ అదే. ఆ బస్తా మాట క్లాసులో వస్తే పల్లెనుంచి వచ్చినవాడు తప్పక నోరు విప్పుతాడు. ఈ ముడికి కొత్త లెక్చరర్లు అక్కర్లేదు, వారానికొక గంట ఇద్దరు సార్లు కలిసి ఒకే క్లాసుకు వస్తే చాలు.