మల్టిపుల్ స్క్లీరోసిస్ - వ్యాయామం

పొద్దున్నే పి.టి.కి లేవమంటే ముసుగు తన్నే మనకు, వ్యాయామం చేయాలని ఉన్నా "వద్దు, కదలొద్దు" అనిపించుకున్న రోగుల సంగతి వింతగానే ఉంటుంది. మల్టిపుల్ స్క్లీరోసిస్ వచ్చినవారికి ఎన్నో దశాబ్దాలు దొరికిన సలహా అదే.

పదో తరగతిలో మనమంతా నాడీకణం బొమ్మ గీసినవాళ్లమే. అందులో ఆక్సాన్ చుట్టూ ఉండే మైలిన్ పొర కరెంటు తీగ మీది తొడుగు లాంటిది. ఈ జబ్బులో శరీర రక్షణ వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో ఆ పొరను దెబ్బతీస్తుంది. చూపు మసకబారుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి, నడక తూలుతుంది. అన్నిటినీ మించి అలసట. అది పైకి కనబడదు కనుక చుట్టూ ఉన్నవాళ్లు బద్ధకం అనేస్తారు. ఇది అంటువ్యాధి కాదు.

1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు కొందరు రోగులకు శ్రమ తర్వాత చూపు తగ్గడం గమనించాడు. శ్రమే హాని అన్న భయం అలా పాతుకుపోయింది. అసలు కారణం ఒంట్లో పెరిగిన వేడి అని తర్వాత తేలింది. పొర పోయిన నరంలో అర డిగ్రీ వేడి పెరిగినా సంకేతం ఆగిపోవచ్చు. ఒళ్లు చల్లబడితే మళ్లీ నడుస్తుంది. వేడినీళ్ల స్నానం చేసినా ఇంతే. (ఒకప్పుడు జబ్బును గుర్తించడానికి రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టేవారు!) అంటే నరం కొత్తగా చెడిపోయిందని కాదు.

1996లో అమెరికాలో పెటజాన్ బృందం 54 మంది రోగులను తీసుకుని, కొందరిచేత 15 వారాలు వ్యాయామం చేయించింది. చేసినవారికి దమ్ము, కండబలం పెరిగాయి. 2013లో కెనడా నిపుణులు, వైకల్యం మరీ ఎక్కువ కానివారికి వారానికి రెండుసార్లు 30 నిమిషాల మోస్తరు వ్యాయామం, రెండుసార్లు కండబలం పెంచే కసరత్తు సూచించారు. మంచం పట్టుకుని ఉంటే జబ్బు తెచ్చిన నీరసానికి మంచం తెచ్చిన నీరసం తోడవుతుందని మాకు అర్థమైంది.

మన ఎండల్లో మాత్రం వేళ చూసుకోవాలి. తెల్లవారుజామునో, ఫ్యాను కిందో చేయాలి. మెడ చుట్టూ తడి తువ్వాలు, పక్కన చల్లని నీళ్లు ఉండాలి. తూలేవారు గోడ పట్టుకుని నడవవచ్చు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం కూడా మంచి కసరత్తే. మధ్యమధ్య ఆగడం తప్పు కాదు. వ్యాయామం మందులకు బదులు కాదు, జబ్బును నయం చేయదు. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో ఆపి డాక్టరును అడిగాకే మళ్లీ మొదలుపెట్టాలి.