కరెంటు పారే రబ్బరు



పోయిన సంచికలో నేను "బొగ్గు అంటే కార్బనే, కాబట్టి బొగ్గులో కరెంటు పారుతుంది" అని రాసినాను. అది తప్పు. సైన్సు సారు నన్ను ల్యాబుకు పిలిచి రెండు సెల్లులు, టార్చి బల్బు, వైర్లు చేతికిచ్చి "నువ్వే చూసుకో" అన్నారు. మధ్యలో బొగ్గు పెళ్ళ పెడితే బల్బు వెలగలేదు. పాత సెల్లులోని నల్ల కడ్డీ పెడితే వెలిగింది. రెండూ నలుపే! కాని కడ్డీలో గ్రాఫైట్ ఉంటుంది. అందులో కార్బన్ పరమాణువులు పొరలు పొరలుగా అమరి ఉంటాయి, ఆ పొరల వెంట ఎలక్ట్రానులు తిరుగుతాయి. మన బొగ్గులో ఆ అమరిక లేదు.

ట్రంకు పెట్టె ప్రయోగము: 1836లో మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త ఒక గదికి లోహపు రేకు చుట్టి, బయట ఎంత విద్యుత్తు పెట్టినా లోపలికి రాదని చూపించినాడు. మేము కూడా చూద్దామని ఎఫ్.ఎం. రేడియోను ట్రంకులో పెట్టి మూసినాము. పాట పోయి గుర్రుమనే చప్పుడు మిగిలింది. తర్వాత వార్డెన్ సారు ఫోను అడిగి పెట్టి కాల్ చేసినాము. అది మాత్రం మోగింది! అందరూ నవ్విండ్రు.

కారణం మూత సందు. ఎఫ్.ఎం. తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. 900 మెగాహెర్ట్జ్ ఫోను తరంగం 33 సెంటీమీటర్లే. మూత అంచు పొడుగునా సందు ఉంది, పైగా రంగు వేసినందున మూత ఇనుము, పెట్టె ఇనుము తాకవు. చిన్న తరంగం ఆ సందులో దూరిపోతుంది. అందుకే యంత్రాల పెట్టెలకు మూత అంచున కరెంటు పారే రబ్బరు పట్టీ వేస్తారు. అది అదిమితే అణుగుతుంది, సందు మూసుకుంటుంది, తరంగాన్నీ ఆపుతుంది.

రబ్బరులో కరెంటు ఎట్లా పారుతుంది? అందులో కార్బన్ బ్లాక్ అనే మెత్తటి నల్లపొడో, వెండి, నికెల్ వంటి లోహపు పొడో కలుపుతారు. మన గూడెం వాగును తలచుకోండి. వాగులో నాలుగు రాళ్ళు వేస్తే దాటలేము. వేస్తూ పోతే ఒక దశలో ఒక్క రాయితో ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డుకు బాట పడుతుంది. రబ్బరులో పొడి కూడా అంతే. ఒక హద్దు దాటగానే రేణువు రేణువు తాకి ఒక్కసారిగా బాట ఏర్పడుతుంది. రాళ్ళకు బదులు పొడుగు వెదురు బొంగులు వేస్తే కొన్నే చాలు. సన్నటి పొడుగాటి కార్బన్ నానో గొట్టాలు కొంచెమే కలిపినా పని జరిగేది అందుకే.

పొడి ఎంత ఉంటే ఆ పని:
1. హద్దుకు కొంచెం తక్కువైతే రేణువుల మధ్య పలుచని రబ్బరు ఉంటుంది. ప్రతి సందూ ఒక చిన్న కెపాసిటర్. విద్యుత్తు పారదు, కాని విద్యుత్ క్షేత్రంలో శక్తి ఎక్కువగా నిలువ ఉంటుంది. దీన్ని డైఎలక్ట్రిక్ అంటారు.
2. హద్దు దగ్గర బల్బు వెలగదు గాని, రాపిడితో పుట్టిన ఆవేశం మెల్లగా దిగిపోతుంది.
3. బాగా దాటితే తరంగాలను ఆపే కవచం. 20 డెసిబెల్ కవచం అంటే శక్తిలో నూటికి ఒక వంతే దాటుతుంది.

రెండవ రకం మన బొగ్గు బాయిలలోనే ఉంది. మా మామ శ్రీరాంపూర్ దిక్కు బాయిలో పని చేస్తాడు. దసరాకు వచ్చినప్పుడు అడిగితే, "బెల్టు ఉత్త రబ్బరు గాదురా. నిప్పు అంటితే ఆరాలె, రవ్వ పుట్టొద్దు" అన్నాడు. బెల్టు రోలర్ల మీద రాసుకుంటే, తలకు రుద్దిన స్కేలు లాగానే ఆవేశం పుడుతుంది. గాలిలో మీథేన్ 5 నుండి 15 శాతం ఉంటే ఒక్క రవ్వ చాలు. అందుకే బెల్టు ఉపరితల నిరోధం 30 కోట్ల ఓములు మించరాదని నియమం. 1950లో ఇంగ్లండులోని క్రెస్‌వెల్ గనిలో రబ్బరు బెల్టు రాపిడికి వేడెక్కి అంటుకొని 80 మంది చనిపోయినారు. ఆ తర్వాతే నిప్పంటని బెల్టులు వచ్చినవి.

ఇప్పుడు నా తప్పు ఎంత పెద్దదో చూడండి. నేను రాసింది నమ్మి ఎవరైనా రబ్బరులో బొగ్గుపొడి కలిపితే, బెల్టు నల్లగానే కనబడుతుంది, కాని లోపల బాట పడదు. రవ్వ ఆగదు. కింద మామ ఉంటాడు. అందుకే నలుపు చూసి నమ్మరాదు, మీటరు పెట్టి చూడాలె.

మీకు ప్రశ్న: ట్రంకు మూత అంచుకు వంటింటి అల్యూమినియం రేకు మడిచి పెడితే ఫోను మోగుతుందా? రంగు గీకకుండా ఒకసారి, గీకి ఒకసారి చేసి చూడండి. గీకే ముందు ట్రంకు ఎవరిదో వారిని అడగండి!

తప్పులుంటే చెప్పగలరు, మళ్ళీ దిద్దుకుంటాను.

ఇట్లు,
మీ 10వ తరగతి విద్యార్థి