జలశుద్ధియు భగవత్సేవయే

కాళియుని విషముచే కాళిందీ జలములు కలుషితములు కాగా, శ్రీకృష్ణుడు గట్టున నిలువక స్వయముగా మడుగున దుమికి, కాళియుని మర్దించి వెడలగొట్టి, నదిని నిర్మల మొనర్చెనని భాగవత దశమస్కంధము తెలుపుచున్నది. జలశుద్ధి ఇతరులకు విధించు పని కాదనియు, తాను నీట దిగి చేయవలసిన సేవ యనియు ఈ లీల బోధించుచున్నది.

పంజాబునందు గురునానకు స్మృతితో ముడిపడిన, సుమారు 160 కిలోమీటర్ల పొడవుగల కాలీ బేయీన్ నది గుర్రపుడెక్కతోను మురుగుతోను నిండిపోయెను. 2000వ సంవత్సరమున సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ ఆ సేవకు పూనుకొనిరి. వేతన మాశింపని గ్రామస్థులు నీట దిగి, చేతులతో గుర్రపుడెక్కను పెరికి గట్టున వేసిరి. మురుగునీటిని శుద్ధిచేసి పొలములకు మళ్లించిరి. క్రమముగా నది మరల పారినది.

తీర్థమున మునిగి, విడిచిన వస్త్రమును, ప్లాస్టిక్ సంచిని అచ్చటనే వదలువాడు తన పాపమును కడుగుకొన నెంచి నదికి మాలిన్యము నంటించుచున్నాడు. స్నానానంతరము తన వ్యర్థమును వెంట గొనిపోవుటయే గాక, పరులు విడిచిన ఒక్క సంచినైనను గట్టునకు చేర్చిననాడే యాత్ర సఫలమగును.