స్లాబ్ ఉరిస్తే రంగు వేయకండి, ముందు పొరలు లెక్కపెట్టండి



పోయిన ఆగస్టులో మా ఏడో తరగతిలో ఒక బాబు సైన్స్ నోట్‌బుక్ తెచ్చాడు. తడిసి ఆరిన పేజీలు అప్పడంలా ఉబ్బి ఉన్నాయి, సిరా అంతా పాకిపోయింది. ఏమైందని అడిగితే "టీచర్, రాత్రి వానకు మా ఇల్లు ఉరిసింది" అన్నాడు. వెనక బెంచీలో ఒకరిద్దరు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే మా ఇల్లు కూడా ఏళ్ళ తరబడి ఉరిసింది.

ఆ రోజు పాఠం ఆపి కప్పు గురించే మాట్లాడుకున్నాం. ఆ పాఠమే ఇప్పుడు మీకోసం రాస్తున్నాను. ఎండాకాలం సెలవులు వస్తున్నాయి, మిరుగుకు ఇంకా సమయం ఉంది. స్లాబ్ బాగు చేయించుకోవడానికి ఇంతకంటే మంచి నెలలు దొరకవు.

మా ఇంట్లో జరిగింది

మా నాన్న ఇబ్రహీంపట్నం దగ్గర ఒక్కో గది కట్టుకుంటూ ఇల్లు పూర్తి చేశారు. నాలుగైదేళ్ళకు హాల్లో, లోపలి కప్పు మీద అరచేతంత మచ్చ వచ్చింది. దసరాకు రంగు వేయించారు. తర్వాతి వానాకాలంలో మచ్చ మళ్ళీ వచ్చింది, మళ్ళీ రంగు వేయించారు. మూడోసారి ఎవరో వచ్చి స్లాబ్ పైన "కెమికల్" ఒక కోటు పూసి డబ్బు తీసుకుపోయారు. అది ఒక్క ఎండాకాలం కూడా నిలవలేదు, పొక్కులు పొక్కులుగా లేచిపోయింది.

నేను బీఈడీ చదువుతున్నప్పుడు ఒక రాత్రి ఆ మచ్చ దగ్గర పళ్ళెమంత ప్లాస్టరింగు పెచ్చు ఊడిపడింది. సరిగ్గా మా తమ్ముడు చదువుకునే టేబుల్ మీద. వాడు అప్పుడే నీళ్ళు తాగడానికి లేచాడు కాబట్టి బతికిపోయాడు.

మరునాడు నాన్న ఒక పెద్ద మేస్త్రీని పిలిచారు. ఆయన మచ్చ వైపు చూడనే లేదు. పైకెక్కి బకెట్లతో నీళ్ళు పోయించి గంటసేపు కూర్చున్నాడు. పిట్టగోడ స్లాబ్‌ను కలిసే మూలలో, వాన నీళ్ళ పైపు చుట్టూ నెర్రెలు చూపించాడు. ఆ చోటు మచ్చకు పది అడుగుల దూరంలో ఉంది. "బిడ్డా, మచ్చ ఉన్నకాడ చిల్లు ఉండదు. నీళ్ళు దారి ఎతుక్కుంటయి" అన్నాడు. అప్పటిదాకా మేము ఖర్చుపెట్టిందంతా తప్పు చోట పెట్టామని ఆ రోజు అర్థమైంది.

నీళ్ళు లోపలికి ఎలా దిగుతాయి?

కాంక్రీటు చూడటానికి రాయిలా ఉంటుంది కానీ లోపల సన్నని రంధ్రాలు ఉంటాయి. దీపం ఒత్తి నూనెను పీల్చుకున్నట్టే అవి నీటిని పీల్చుకుంటాయి.

రెండో కారణం మన ఎండ. వేడికి కాంక్రీటు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. తెల్లవారుజామున ఉన్న వేడికీ మధ్యాహ్నపు వేడికీ 30 డిగ్రీల తేడా ఉంటే, 10 మీటర్ల పొడవున్న స్లాబ్ దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. అంటే రెండు రూపాయి బిళ్ళల మందం. రోజూ ఇలా సాగి ముడుచుకునే చోట గట్టి సిమెంటు పూత పగలక తప్పదు.

నీళ్ళు లోపలి ఇనుప చువ్వ దాకా చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చులుగా విడిపోతుంది. కాబట్టి తడి మచ్చ గోడ అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, కింద కూర్చున్న పిల్లల భద్రతకు సంబంధించినది.

ఎన్ని నీళ్ళు పడతాయో కూడా లెక్క వేద్దాం. 1200 చదరపు అడుగుల స్లాబ్ అంటే సుమారు 111 చదరపు మీటర్లు. దాని మీద ఒక సెంటీమీటరు వాన పడితే 1,110 లీటర్ల నీరు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు ఒక్క రోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. అంత వాన మీ స్లాబ్ మీద పడితే 21,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ఆ నీరంతా ఒకటి రెండు పైపుల గుండా వెళ్ళిపోవాలి. ఒక్క ఎండుటాకు అడ్డుపడితే నీరు అక్కడే నిలుస్తుంది.

మన పెద్దలకు తెలిసిన పద్ధతి

ఒక్క పూతతో కప్పు నిలవదని మన పెద్దలకు బాగా తెలుసు. రాయలసీమలో, పాలమూరు వైపు మట్టి మిద్దెలు గుర్తున్నాయా? దూలాలు, వాటి మీద అడ్డకర్రలు, ఆపైన బండలో చెక్కలో, దాని మీద మట్టి, అన్నిటికంటే పైన చౌడు. చౌడులో సోడియం లవణాలు ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడివడి సందుల్లో సర్దుకుంటాయి, నీరు దిగే దారులు మూసుకుపోతాయి. పంట పండనివ్వని ఆ మట్టే మిద్దెకు గొడుగు అయింది. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోసేవారు. చౌడు ఎంత ముఖ్యమో, ఏటా తప్పకుండా పైకెక్కి చూసే ఆ అలవాటూ అంతే ముఖ్యం.

మన ఊరికి పేరు వచ్చింది 1550 నుంచి 1580 వరకు గోల్కొండను పాలించిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా వల్ల. ఆయన సమాధి ఉన్న కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలో కట్టడాలను డంగు సున్నంతో కట్టారు. 2013లో మొదలైన పునరుద్ధరణలో, 20వ శతాబ్దంలో పూసిన సిమెంటు పొరలను తీసేసి మళ్ళీ సున్నం పొరలు వేశారు. సిమెంటు లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు, సున్నం పోనిస్తుంది. గట్టిగా ఉండే పొర ప్రతి చోటా పనికిరాదని అక్కడ చూసి నేర్చుకోవచ్చు. సెలవుల్లో పిల్లలను తీసుకెళ్తే ఈ సంగతి చూపించండి.

నేటి స్లాబ్‌కు ఐదు పొరలు

మొదటిది శుభ్రమైన, ఎండిన స్లాబ్. నాచు, దుమ్ము, లేచిపోయిన పాత పూత గీకేయాలి. నెర్రెలను కొంచెం వెడల్పు చేసి సరైన మందుతో నింపాలి. స్లాబ్ ఎండిందో లేదో తెలియాలంటే మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న పాలిథీన్ షీటును నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రాత్రంతా ఉంచండి. పొద్దున షీటు కింద నీటి చుక్కలు కనిపిస్తే స్లాబ్‌లో ఇంకా తడి ఉన్నట్టు. తడి మీద పూస్తే ఎండకు ఆ తడి ఆవిరై పైకి తన్నుతుంది, పూత పొక్కిపోతుంది. మా ఇంట్లో జరిగింది అదే.

రెండోది వాలు. నీరు పైపు వైపు పరుగెత్తాలి. కనీసం 10 అడుగులకు అంగుళంపావు వాలు ఉండాలి. ఇటుక ముక్కలతో వాలు కట్టించేటప్పుడు బరువు మరచిపోకండి. నాలుగు అంగుళాల మందం వేస్తే చదరపు మీటరుకు 200 కిలోల దాకా బరువు పడుతుంది. పాత స్లాబ్ అయితే ఇంజనీరును అడగకుండా పొర మీద పొర వేయించవద్దు.

మూడోది నీటిని ఆపే పొర. ఇది రెండు రకాలు. ఒకటి తారు షీటు, 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందంతో చుట్టలుగా వస్తుంది, గ్యాస్ మంటతో వేడి చేసి అతికిస్తారు. పల్లం వైపు నుంచి మొదలుపెట్టి, పెంకులు కప్పినట్టు పై షీటు కింది షీటు మీదికి కనీసం 10 సెంటీమీటర్లు రావాలి. రెండోది డబ్బాల్లో వచ్చే ద్రవపు పూత. ఒక కోటు చాలదు. మొదటి కోటు మీద ఫైబర్ వల పరిచి, ఆరనిచ్చి, రెండో కోటు అడ్డంగా పూయాలి. స్లాబ్ సాగినప్పుడు పూత చిరగకుండా ఆ వల కాపాడుతుంది. ఏ రకమైనా పొర పిట్టగోడ మీదికి జానెడు ఎత్తు ఎక్కాలి. పైపు నోటి లోపలికి కూడా దిగాలి.

ఈ పొర పూర్తయ్యాక, తర్వాతి పొర వేయకముందే పరీక్ష పెట్టించండి. పైపులు మూసి అంగుళం ఎత్తు నీరు 24 నుంచి 48 గంటలు నిలబెట్టాలి. కింద చెమ్మ రాకపోతేనే మిగతా పని. పెచ్చులూడుతున్న బలహీనమైన స్లాబ్ మీద మాత్రం నీరు నిలబెట్టకండి. అంగుళం నీరు కూడా చదరపు మీటరుకు 25 కిలోల బరువు.

నాలుగోది కాపలా పొర. తారు ఎండకు పెళుసుబారుతుంది, నడిస్తే పూత గీసుకుపోతుంది. అందుకే దాని మీద సన్నని కాంక్రీటో, టైల్సో వేస్తారు. టైల్స్ మధ్య సందులను సరిగ్గా నింపకపోతే నీరు కింద చేరి కూర్చుంటుంది.

ఐదోది తెల్లని పొర. తెలుపు ఎండను వెనక్కి పంపుతుంది. స్లాబ్ తక్కువ వేడెక్కితే తక్కువ సాగుతుంది, కింది పొరలు ఎక్కువ కాలం మన్నుతాయి, ఇల్లూ చల్లగా ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. అందులో 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్ళకు దీన్ని తప్పనిసరి చేసింది. చిన్న ఇంటికి సున్నం కొట్టినా మేలే. అయితే తెల్ల రంగు నీటిని ఆపదు. మూడో పొర లేకుండా ఐదోది వేసి "వాటర్‌ప్రూఫ్ అయిపోయింది" అని చెప్పేవారిని నమ్మవద్దు.

పని ఇచ్చే ముందు అడగాల్సినవి

ఎన్ని కోట్లు, మధ్యలో ఎన్ని గంటలు ఆరబెడతారు, పిట్టగోడ మీదికి ఎంత ఎత్తు ఎక్కిస్తారు, నీటి పరీక్ష ఎవరు పెడతారు, గ్యారంటీ ఎన్నేళ్ళు. ఈ ఐదింటికీ జవాబు కాగితం మీద రాయించుకోండి. డబ్బులో కొంత భాగం నీటి పరీక్ష అయ్యాకే ఇవ్వండి. అంతా అయ్యాక డిష్ స్టాండు కోసమో సోలార్ స్టాండు కోసమో డ్రిల్లు పెడితే పొరలన్నిటికీ ఒకేసారి చిల్లు పడుతుంది. అలాంటి పని ఉంటే పొరలు వేయకముందే చేయించుకోండి.

అద్దె ఇంట్లో పై అంతస్తులో ఉన్నవారు మచ్చను తేదీతో ఫొటో తీసి ఇంటి ఓనరుకు పంపండి. వాన నీళ్ళ పైపు నోరు మీరే శుభ్రం చేయవచ్చు. పిల్లల చదువు టేబుల్, మంచం మచ్చ కింద ఉంటే ఈ రోజే పక్కకు జరపండి. ఫ్యాన్ దగ్గర తడి కనిపిస్తే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

పిల్లలతో చేయించండి

ఒకటి. పిట్టగోడ చూసుకుని, పెద్దవారు పక్కనే ఉండి, సాయంత్రం స్లాబ్ మీద నాలుగు బకెట్ల నీళ్ళు పోయండి. గంట తర్వాత నీరు నిలిచిన చోటల్లా పిల్లలతో సుద్దముక్కతో గీత గీయించండి. దాన్ని కాగితం మీద పటంగా వేయమనండి. మీ ఇంటి పల్లాలు, నెర్రెలు అందులో కనిపిస్తాయి.

రెండు. మూడు మట్టి ప్రమిదలు తీసుకోండి. ఒకటి అలాగే ఉంచండి. రెండోదానికి మిగిలిపోయిన పెయింటు ఒక కోటు వేయండి. మూడోదానికి ఒక కోటు, దాని మీద గాజుగుడ్డ, మళ్ళీ కోటు. ఆరాక నీళ్ళు పోసి న్యూస్‌పేపర్ మీద ఉంచి మరునాడు చూడండి. తర్వాత పది రోజులు ఎండలో పెట్టి మళ్ళీ నీళ్ళు పోయండి. రెండుసార్లూ ఏ ప్రమిద కింద పేపరు తడిసిందో పిల్లలే రాసుకోవాలి.

ఉబ్బిన నోట్‌బుక్ తెచ్చిన బాబు దసరా సెలవుల్లో వాళ్ళ నాన్నతో కలిసి ఆ పటం వేశాడు. పైపు నోట్లో పాత చెప్పు ఒకటి ఇరుక్కుని ఉందట! అది తీశాక సగం నీరు నిలవడం ఆగింది. మిగతా సగానికి ఈ ఎండాకాలం పొరలు వేయిస్తున్నామని వాళ్ళ నాన్నగారు పేరెంట్స్ మీటింగులో చెప్పారు. తప్పు ఎక్కడుందో కొడుకే చూపించాడని చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన సంతోషం నాకు ఇంకా గుర్తుంది.

మిరుగు రాకముందే మీరూ ఒక సాయంత్రం పిల్లల చేయి పట్టుకుని పైకెక్కండి. వాళ్ళు గీసిన పటాన్ని జూన్‌లో బడి తెరిచాక తెచ్చి నాకు చూపించమనండి. ఆ పటాలతోనే కొత్త తరగతిలో మొదటి పాఠం మొదలుపెడదాం.