యూదుల వంటిల్లు, శనివారం పని - మనం గ్రహించవలసినవి

అమలాపురం, రాజోలు వైపు కొబ్బరితోటలు దాటితే రొయ్యల చెరువులు. మన ఇళ్లలో రొయ్యల ఇగురు కొత్త కాదు. (రొయ్య చేప కిందికి వస్తుందా అన్న విషయంలో హనఫీ ధర్మవేత్తల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. అది వేరే చర్చ.) ధర్మం పాటించే యూదుని ఇంట్లో మాత్రం రొయ్యకు చోటే లేదు. నీటి జీవాల్లో రెక్కలు, పొలుసులు రెండూ ఉన్నవే వారికి సమ్మతం. పులస తినవచ్చు, పీత తినకూడదు.

యూదులంటే ఎక్కడో దూరదేశాల వారనుకోకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. తాము ఎఫ్రాయీము గోత్రం వారమని చెప్పుకునే ఆ కొద్ది కుటుంబాలు 1990ల మొదట్లో అక్కడ ప్రార్థనాలయం ఏర్పరచుకున్నాయి.

యూద ధర్మం ప్రకారం మాంసాన్ని అరగంట నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, మళ్లీ కడిగితేగానీ వండకూడదు. రక్తం పోవటానికే ఇదంతా. మన షరీఅత్‌లో నిషిద్ధమైనది కారే రక్తం (6:145). సరిగా జిబహ్ అయ్యాక కండలో మిగిలిన చెమ్మకు దోషం లేదు. వారు మాంసాన్ని పాలతో కలపరు, గిన్నెలు కూడా వేరుగా ఉంచుతారు. పెరుగులో నానబెట్టిన కోడి బిరియానీ వారికి నిషిద్ధమే!

విదేశాల్లో పనిచేసే మన పిల్లలకు ఒక సందేహం వస్తుంది: 'కోషర్' ముద్ర ఉన్న మాంసం తినవచ్చా? గ్రంథప్రజల ఆహారం మనకు ధర్మసమ్మతమని దివ్యఖురాన్ (5:5) తెలుపుతోంది. అయితే వారి కసాయి వరసగా కోసేటప్పుడు ఒక్కో పశువుకూ కాక మొదట ఒక్కసారే స్తోత్రం పలుకుతాడు. అందువల్ల కొందరు ధర్మవేత్తలు అభ్యంతరం చెప్పారు. హలాల్ దొరికేచోట అదే కొనటం మేలు. మాంసం సంగతి అలా ఉంచి, ప్రతి డబ్బా మీదా ఆ ముద్ర చూసి పొరబడకండి. ద్రాక్షసారాయికి కూడా కోషర్ ముద్ర ఉంటుంది.

ఇక ఉద్యోగాలు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడే దాకా 39 రకాల పనులు వారికి నిషిద్ధం. నిప్పు వెలిగించరు, కారు నడపరు. ప్రాణం కాపాడవలసిన వైద్యునికి మినహాయింపు ఉంది. రోజుకూలీకి ఆ ఒక్కరోజు ఎంత బరువో ఆలోచించండి. కొందరు లైట్లకు ముందురోజే టైమరు పెట్టుకుంటారు. అది చూసి నవ్వకండి, వారి పండితులు అనుమతించిన పద్ధతే అది. అల్లాహ్ మందలించింది వేరే పనిని. సముద్రతీరపు ఒక ఊరివారికి శనివారమే చేపలు పైకి తేలివచ్చేవి. వారు హద్దుమీరారు (7:163). శుక్రవారం వలలు పన్ని ఆదివారం తీసుకునేవారని వ్యాఖ్యాతలు రాశారు. అంతర్వేది తీరాన వల వేసేవారికి ఆ ఆశ ఎలాంటిదో చెప్పనక్కర్లేదు.

మనకు రోజంతా విరామం విధించబడలేదు. జుమా పిలుపు వినగానే క్రయవిక్రయాలు ఆపాలి, నమాజు కాగానే ఉపాధి వెతుక్కోవచ్చు (62:9-10). గంటసేపటి మాట. అయినా శుక్రవారం మధ్యాహ్నమే రొయ్యల పట్టుబడి పెట్టుకుని, "ఐసు కరిగిపోతుందండీ" అనే సోదరులున్నారు. చెరువు మరొకరిదైతే ముందురోజే యజమానిని అడిగి చూడండి. మీదే అయితే తెల్లవారుజామునే పట్టించండి.