విశ్రాంతియు నొక విద్యయే

పరీక్షామందిరమున ప్రశ్నపత్రము చేతికందిన క్షణమున కొందఱు విద్యార్థులకు గుండె దడదడ కొట్టుకొనును. అరచేతులు చెమర్చును, నోరెండిపోవును, నిన్నటి దాక కంఠస్థమైయున్న పాఠము జ్ఞప్తికి రాదు. వారికి చదువు రాలేదని యనుట న్యాయము కాదు. చదివిన దానిని వెలికి తీయుటకు ఆ క్షణమున మనస్సు సహకరింపదు.

ఇట్లేల జరుగును? ఆపద యెదురైనపుడు పోరాడుటకో, పాఱిపోవుటకో శరీరము తనంతట తానే సంసిద్ధమగును. హార్వర్డు విశ్వవిద్యాలయమందలి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ ఈ విషయమును పరిశోధించి 1915లో గ్రంథరూపమున వెలువరించెను. మూత్రపిండములపై నున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను పదార్థమును రక్తములోనికి విడుచును. అంతట గుండె వేగము హెచ్చును; ఊపిరి వడిగా నాడును; జీర్ణక్రియ మందగించును; కండరములు బిగిసికొనును. పులి యెదుట పడినపుడు ఈ యేర్పాటు ప్రాణరక్షకమే. కాని ప్రశ్నపత్రము పులి కాదు. దాని యెదుట కూర్చుండి యోచింపవలెను. పరుగునకు సిద్ధమైన శరీరము యోచనకు తోడ్పడదు.

నెమ్మదిగా కొట్టుకొమ్మని ఆజ్ఞాపించిన గుండె వినదు. చేతి కండరములు మాత్రము చెప్పినట్లు వినును. ఈ మర్మమును చక్కగా గ్రహించినవాడు అమెరికా దేశపు వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్. ఆయన 1908లో హార్వర్డున విద్యార్థిగా నుండి, ఆకస్మికమైన చప్పుడునకు మనుష్యులు ఉలికిపడు తీరును పరిశీలింప నారంభించెను. కండరములను లెస్సగా సడలించుకొనిన వారు అట్టి చప్పుడునకు అంతగా ఉలికిపడకుండుట ఆయన గమనించెను. దేహమున బిగువు తొలగిన, మనస్సున కలవరము నిలువజాలదని ఆయన తలంచెను. ఏండ్ల తరబడి కృషి చేసి, 1929లో క్రమవిశ్రాంతి పద్ధతిని వివరించు గ్రంథమును ప్రకటించెను.

నేడు ఆ పద్ధతిని సంక్షేపించి ఇట్లు నేర్పుచున్నారు. నిశ్శబ్దమైన చోట చాపపై వెల్లకిల పరుండి కన్నులు మూసికొనవలెను. కుడి పిడికిలిని అయిదాఱు సెకండ్లు బిగించి, ఆ బిగువెట్లున్నదో గమనింపవలెను. పిమ్మట ఒక్కసారిగా వదలి, ఇరువది ముప్పది సెకండ్ల సేపు ఆ సడలింపును గమనింపవలెను. ఆపై ఎడమ పిడికిలి, భుజములు, నొసలు, దవడలు, ఉదరము, తొడలు, పిక్కలు, పాదములు వరుసగా బిగించి వదలవలెను. నొప్పి కలుగునంతగా బిగింపరాదు. గాయపడిన యవయవమును విడిచిపెట్టవలెను.

మన పూర్వులకును ఈ విద్య తెలియనిది కాదు. శవాసనము అలసటను పోగొట్టి మనస్సునకు విశ్రాంతి నిచ్చునని హఠయోగప్రదీపిక పేర్కొన్నది. బొంబాయి వైద్యుడు కె. కె. దాతేయు, ఆయన సహచరులును రక్తపుపోటు గల రోగులకు శవాసనమును నేర్పి, పెక్కుమందికి మేలు కలిగినట్లు 1969లో ప్రకటించిరి.

పరీక్షామందిరమున పరుండుటకు వీలుండదు. అచట శ్వాసయే సాధనము. నాలుగు లెక్కించునంత కాలము ఊపిరి పీల్చి, ఆఱు లెక్కించునంత కాలము మెల్లగా విడువవలెను. ఊపిరి విడుచునపుడు గుండె కొంత నెమ్మదించుట ప్రకృతి ధర్మము. కావున దీర్ఘమైన నిశ్వాసము కలవరమును తగ్గించును. ఇట్లు పది పండ్రెండు మారులు చేయుటకు రెండు నిమిషములు చాలును.

అయితే ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనిన ప్రయోజనము లేదు. ప్రతిదినము పావుగంట అభ్యసించిన వానికే ఈ విద్య అక్కఱకు వచ్చును. ఇది చదువునకు గాని, నిద్రకు గాని, ఆటలకు గాని బదులు కాదు. దిగులు వారముల తరబడి వీడకున్నను, నిద్రాహారములు చెడినను, ఆ సంగతిని తల్లిదండ్రులకో, ఉపాధ్యాయునకో దాచక చెప్పి, వైద్యుని సలహా పొందవలెను. అట్లు చెప్పుట పిఱికితనము కాదు.

వింటినారిని ఎల్లవేళల ఎక్కుపెట్టి యుంచిన విల్లు బలము తఱుగును. పని లేనపుడు నారిని సడలించువాడే నేర్పరియైన విలుకాడు.