పట్టుగ్రంథి కణాలు – ఐదో దశ మేత



ఐదో దశలో ఆకు చాలక, ఉన్న ఆకునే పలచగా పరచి పంటను నెట్టుకొచ్చే రైతులు మన గ్రామాల్లో చాలామంది ఉన్నారు. “పురుగులు చావలేదు, గూళ్ళు కట్టాయి, నష్టమేమిటి?” అని అడుగుతారు. నష్టం గూటి పొరలో ఉంది. అది తెలియాలంటే పురుగు లోపల జరిగే పని తెలియాలి.

పురుగు శరీరమంతా కణాలతో కట్టినది. కణంలో కేంద్రకం, అందులో డి.ఎన్.ఎ. ఉంటాయి. ఏ ప్రొటీన్ ఎలా తయారు చేయాలో డి.ఎన్.ఎ.లో రాసి ఉంటుంది. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజులు నమోదు చేసిన పుస్తకం అక్కడే ఉండి, నకలు మాత్రం మన చేతికి వచ్చినట్లే, డి.ఎన్.ఎ. కేంద్రకంలోనే ఉంటుంది, ఆర్.ఎన్.ఎ. అనే నకలు బయటకు వస్తుంది. ఆ నకలు ప్రకారం రైబోజోములు ప్రొటీన్ తయారు చేస్తాయి.

పురుగుకు రెండు పట్టుగ్రంథులు ఉంటాయి. వెనుక భాగంలో దారానికి మూలమైన ఫైబ్రాయిన్, మధ్య భాగంలో జిగురైన సెరిసిన్ తయారవుతాయి. వెనుక భాగంలో ఒక్కో గ్రంథికి సుమారు 500 కణాలే. ఈ సంఖ్య గుడ్డులోనే ఖాయమవుతుంది. తరువాత ఎంత మేపినా ఒక్క కణం కూడా పెరగదు. కణాలు విడిపోకుండానే లోపలి డి.ఎన్.ఎ. మాత్రం మళ్ళీ మళ్ళీ రెట్టింపవుతుంది. ఇలా 17, 18 సార్లు జరిగేసరికి లక్ష రెట్లు దాటుతుంది. కేంద్రకం చెట్టుకొమ్మల వలె చీలి కణమంతా పరుచుకుంటుంది. పుస్తకాలు ఎక్కువైతే నకళ్ళు కూడా ఎక్కువే. ఫైబ్రాయిన్ నకలును 1972లో సుజుకి, బ్రౌన్ అనే శాస్త్రజ్ఞులు పట్టుగ్రంథి నుంచే వేరుచేసి చూపారు. ఒక్కో నకలు నుంచి సుమారు లక్ష ఫైబ్రాయిన్ అణువులు తయారవుతాయని లెక్క.

ఐదో దశ మొదటి సగంలో కణాలు పెద్దవవుతాయి. రెండో సగంలో పట్టు తయారీ జోరందుకుంటుంది. మొదటి సగంలో ఆకు తగ్గితే యంత్రం చిన్నదవుతుంది, రెండో సగంలో తగ్గితే ముడిసరుకు ఉండదు. పట్టులోని ప్రొటీన్‌లో అధిక భాగం ఆకు నుంచి నేరుగా వచ్చినదే. మొత్తం మేతలో 80 శాతానికి పైగా ఈ దశలోనే ఖర్చవుతుంది కనుక చాకీలో మిగిలిన ఆకును చూసి మోసపోరాదు.

జ్వరంలో ఫైబ్రాయిన్ నకళ్ళ తయారీ ఆగిపోతుంది. లేచి మేత అందాక తిరిగి మొదలవుతుంది. కాబట్టి నాలుగో జ్వరం నుంచి 95 శాతం పురుగులు లేచాకనే అన్నింటికీ ఒకేసారి మేత వేయవలెను. ముందుగా వేస్తే పంట ఎగుడుదిగుడవుతుంది.

తోటలోని ఆకును బట్టి గుడ్లు తెచ్చుకోవలెను. నాలుగో దశలోనే కొరత కనబడితే అన్నింటినీ అర్ధాకలితో ఉంచకుండా, కొన్ని తట్టలను ఆకు ఉన్న పొరుగు రైతుకు ఇవ్వడం మేలని నా అభిప్రాయం. ఇది చాలామందికి రుచించదు. ఆకును చల్లటి వేళ కోసి తడిగోనె కింద ఉంచవలెను.

పంట చేతికి వచ్చాక 25 గూళ్ళను తూచండి. కోసి ప్యూపాలు తీసి పొరలు మాత్రం తూచండి. పొరల బరువును గూళ్ళ బరువుతో భాగించి 100తో హెచ్చిస్తే పొర శాతం వస్తుంది. ప్రతి పంటకూ ఈ అంకెను, ఐదో దశలో వేసిన ఆకు బరువును ఒకే పుస్తకంలో పక్కపక్కన రాసి ఉంచండి.